“రాయమంటే రాస్త సారూ, సదువరాదు”



“మా పిల్లవాడికి ఇంగ్లీషు మీద మనసే లేదండి, ఏం చేయాలి?” అని తల్లిదండ్రులు నన్ను తరచుగా అడుగుతుంటారు. ముప్పై ఏండ్లు ఇంగ్లీషు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని గనుక నా దగ్గర మందు ఉంటుందని వారి ఆశ. మందు సంగతి తరువాత. ముందు నాకు జరిగిన ఒక సంగతి చెప్పనివ్వండి. ఇందులో తప్పు పిల్లవానిది కాదు, నాది.

1991లో మంచిర్యాల దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో చేరాను. అప్పుడు మంచిర్యాల ఆదిలాబాదు జిల్లాలోనిది. ప్రత్యేక జిల్లా అయింది 2016లో. సింగరేణి బొగ్గు బావులలో పనిచేసేవారి పిల్లలు, చుట్టుప్రక్కల పల్లెల రైతుకూలీల పిల్లలు మా బడికి వచ్చేవారు. ఎనిమిదవ తరగతి హాజరు పట్టీలో 74 పేర్లు. ముందున్నవారికి బెంచీలు, వెనుకవారికి నేల. పత్తి ఏరే కాలం వస్తే గది సగం ఖాళీ. అది దాటి మరల వచ్చినవారికి పాఠం ఎక్కడున్నదో తెలియదు. పీరియడ్ నలభై ఐదు నిమిషాలు. తలకొక నిమిషమైనా రాదు.

నేను పాఠం చదివి, తెలుగులో అర్థం చెప్పి, జవాబులు బోర్డు మీద వ్రాసేవాడిని. పిల్లలు ఎక్కించుకొనేవారు. ముందు వరుసలలోని పదిమందే నోరు విప్పేవారు. వారితోనే నా బడి నడిచింది. మిగిలినవారు సోమరులని తీర్మానించుకొన్నాను. పదవ తరగతిలో హిందీకి 20 మార్కులు చాలు, ఇంగ్లీషుకు 35 కావాలి. ఆ 35 కోసం గైడు, బట్టీ.

వెనుక గోడకు ఆనుకొని కూర్చునే ఒక అబ్బాయి దస్తూరి ముత్యాల కోవ. వాని నోట్సు మీద ఎర్ర సిరాతో ఇంగ్లీషులో “గుడ్” అని వ్రాసేవాడిని. వారు తొమ్మిదవ తరగతికి వచ్చాక ఒక సాయంత్రం, మందుల దుకాణం దగ్గర ఆ అబ్బాయి, వాని తల్లి ఎదురుపడ్డారు. తండ్రికి జబ్బు. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో దుకాణం వారు ఇంగ్లీషులో చీటీ వ్రాసి ఇచ్చారు.

“సారూ, మావోడు మీ దగ్గర్నే సదువుతుండు. ఏది పొద్దున ఏసుకోవాలె, ఏది రాత్రి ఏసుకోవాలె అంటే చెప్తలేడు. జర మీరన్న సూసి చెప్పుండ్రి” అన్నదామె.

అబ్బాయి తల వంచుకొని, “రాయమంటే రాస్త సారూ, సదువరాదు” అన్నాడు.

వానిని మందలించడానికి నాకు నోరు రాలేదు. రెండేండ్లుగా నేను వ్రాస్తున్న “గుడ్” అనే మాటను కూడా వాడు చదవలేదని అప్పుడు తెలిసింది. అక్షరాలను బొమ్మలు గీసినట్లు గీస్తున్నాడు. తెలుగులో గుణింతం వస్తే ఏ మాటైనా చదువుకోవచ్చు. ఇంగ్లీషులో “పుట్”లోనూ “బట్”లోనూ ఉండేది అదే యు అక్షరం. పలుకు మాత్రం వేరు. ఎవరూ దగ్గర కూర్చుండి చదివించకుండా ఆ చిక్కు వానికెలా విడిపోతుంది? అర్థం కాని దాని మీద ఎవరికి మాత్రం మనసు నిలుస్తుంది?

ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల ప్రిన్సిపాల్‌గా పనిచేసిన మైకేల్ వెస్ట్ అనే ఆంగ్లేయుడు, బెంగాలీ పిల్లలకు ముందుగా కావలసింది ఇంగ్లీషు చదివి అర్థం చేసుకొనే శక్తి అని 1926లోనే వాదించాడు. క్రిక్కిరిసిన తరగతులలో బోధించే కష్టాన్ని గురించి 1960లో మరొక పుస్తకమే వ్రాశాడు. నాకు అది మందుల దుకాణం దగ్గర బోధపడింది.

మరుసటి వారం 74 మందిని తొమ్మిది జట్లు చేశాను. జట్టుకొక చదవగలిగిన విద్యార్థి. మొదట ఎవరి పేరు వారు ఇంగ్లీషులో చదవడం, తరువాత ప్రక్కవారి పేరు. 74 పేర్లలో ఇంచుమించు అక్షరాలన్నీ వచ్చేశాయి. ఆ తరువాత ఇంటి నుండి సబ్బు కాగితాలు, బిస్కెట్ పొట్లాలు, మాత్రల అట్టలు తెమ్మన్నాను. రోజూ పదిహేను నిమిషాలు జట్లలో పైకి చదవాలి. గొడవగా ఉందని ప్రక్క గదివారు విసుక్కున్నారు. అయితే పరీక్షలు కావలసిన సమయానికి బోర్డు మీద పాఠాలు కొన్ని మిగిలిపోయిన మాట నిజం. అందరూ గట్టెక్కారనీ చెప్పను. ఆ అబ్బాయే పదవ తరగతి ఇంగ్లీషులో ఒకసారి తప్పి, మరల వ్రాసి ప్యాసయ్యాడు. అంతకు చాలా ముందే తండ్రి మందుల చీటీ వాడే చదివి చెప్పేవాడు.

ఇది మన ఊరి కష్టమే కాదు. చైనాలో 2001 నుండి మూడవ తరగతిలోనే ఇంగ్లీషు మొదలుపెట్టించారు. అక్కడ కూడా అనేక బడులలో గదికి యాభై అరవై మంది; పరీక్షకు బట్టీ పట్టి, నోరు మెదపని పిల్లలను గూర్చి అక్కడి ఉపాధ్యాయులూ మనలాగే బాధపడ్డారు. మన తెలంగాణ ప్రభుత్వ బడులలో 2022-23 నుండి ఇంగ్లీషు మీడియం వచ్చింది. మీడియం మారినంత మాత్రాన వెనుక గోడ దగ్గర కూర్చున్న బిడ్డకు చదువు వచ్చినట్లు కాదు.

కాబట్టి తల్లులారా, తండ్రులారా, మీకు ఇంగ్లీషు రాదని సిగ్గుపడవద్దు. ఈ రాత్రి అన్నాలు తిన్న తరువాత ఇంట్లో ఉన్న సబ్బు కాగితమో, మందుల అట్టో బిడ్డ చేతికిచ్చి, “ఏమని ఉంది బిడ్డా?” అని అడగండి. చదవలేకపోతే కొట్టవద్దు. రేపు బడికి వెళ్లి ఆ సంగతి ఉపాధ్యాయునితో చెప్పండి. నాకు అలా ఒక తల్లి చెప్పింది గనుకనే నేను మారాను.