థిన్నర్ గుడ్డ

విమానాల మెయింటెనెన్స్ కోర్సులో చేరదామని తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈమధ్య మెసేజ్‌లు పెడుతున్నారు. వాళ్లకోసం నేను చేసిన ఒక తప్పు రాస్తున్నా.

పోయిన వేసవి ప్రాక్టికల్స్‌లో మాకు సెస్నా 172 ఇచ్చారు. పెయింట్ పనికని కిటికీలకు అంటించిన టేపు ఎండకి ఎండిపోయింది. పీకితే కాగితం ఊడింది గానీ జిగురు ఉండిపోయింది. తీసే పని నాది. పెయింట్ గదిలో థిన్నర్ డబ్బా కనిపించింది. మా పాడేరులో ఆటో అద్దాల మీద స్టిక్కర్ జిగురు దాంతోనే తీస్తారు. సార్‌ని అడుగుదామనుకుని, ఇంగ్లీషులో ఎలా అడగాలో రెండుసార్లు మనసులో అనుకుని మానేశా. మనలో చాలామందికి తెలిసిన భయమే ఇది.

ఒక్క తుడుపుకే జిగురు పోయింది. కాసేపటికి వెలుతురుకి పెట్టి చూస్తే, సాలీడు దారాల్లా సన్నటి గీతలు. ఆ కిటికీ గాజు కాదు, అక్రిలిక్. బిగించిన ప్లాస్టిక్ లోపల ఒత్తిడి ముందే ఉంటుంది. థిన్నర్, అసిటోన్, పెట్రోల్ లాంటివి తగిలితే అది మెత్తబడి పగుళ్లు విచ్చుకుంటాయి. క్రేజింగ్ అంటారు. ఇంట్లో అద్దాలు తుడిచే స్ప్రే కూడా వాడకూడదు. ఇదంతా మాన్యువల్లో ఉంది. నేనే ఆ పేజీ తిప్పలేదు.

ఎవరూ చూడలేదు. గుడ్డ దాచేసి భోజనానికి వెళ్లా, ముద్ద దిగలేదు. రేపు ఆ కిటికీ పక్కన కూర్చునేది ఎవరో! వెనక్కొచ్చి సార్‌కి చెప్పేశా, తెలుగులోనే. ఆయన అరవలేదు. టార్చి వేసి చూసి, రిజిస్టర్‌లో నా పేరుతోనే రాయించారు. తర్వాత ఆ కిటికీ మార్చారు.

మిగతావి మళ్లీ నాతోనే చేయించారు. ముందు ఉంగరం, వాచీ తీసేసి, నీళ్లు పోస్తూ ఒట్టి చేత్తో తడిమి ఇసుక, దుమ్ము వదిలించాలి. తర్వాత సబ్బునీళ్లు. మిగిలిన జిగురుకి మాన్యువల్ ఒప్పుకున్న అలిఫాటిక్ నాఫ్తా. హ్యాంగర్ తలుపులు తెరిచి, గ్లవ్స్ వేసుకుని, మెత్తటి నూలుగుడ్డతో అద్ది, జిగురు వదులయ్యాక వేలితో మెల్లగా దొర్లించాలి. బ్లేడు వద్దు. పొడిగుడ్డ అసలే వద్దు, గీతలు పడతాయి, పైగా రుద్దేకొద్దీ దుమ్ముని లాక్కుంటుంది. ఒక్కో మచ్చకి పావుగంట పట్టింది, చేతులు లాగేశాయి.

నాఫ్తా కిరోసిన్ జాతిదే. ఆ వాసనకి మా ఇంట్లో పనసకాయ కోసే రోజులు గుర్తొచ్చాయి. పనస జిగురు చేతికంటితే అమ్మ నీళ్లతో కడగనిచ్చేది కాదు, నూనె రాయమనేది. ఆ రాత్రి హాస్టల్ నుంచి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పా. అంతా విని, "మరి ముందే నన్ను అడగాల్సింది కదరా" అంది.