అడిస్ అబాబాలో కొత్త కాపురం

అడిస్ అబాబా అంటే అమ్హారిక్ భాషలో "కొత్త పువ్వు" అని అర్థం. పేరు ముచ్చటగానే ఉంది. కాని ఇథియోపియా రాజధానిలో కొత్తగా కాపురం పెట్టే ఇల్లాలికి మొదటి నెల రోజులూ ముళ్ళే ఎక్కువగా తగులుతాయి.

హైలె సెలాసీ చక్రవర్తి కాలం నుంచీ మన దేశపు ఉపాధ్యాయులు అక్కడికి వెడుతూనే ఉన్నారు. మా వారికీ అక్కడ పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది. ఊరగాయ జాడీలు సర్దుకుని నేనూ, మా అబ్బాయీ వెంట వెళ్ళాం.

దిగిన వారానికే అబ్బాయిని బడిలో చేర్పించే ప్రయత్నం. "మంగళవారం రెండు గంటలకు పరీక్ష" అన్నాడు గుమాస్తా. మేము భోజనాలు చేసి, తీరిగ్గా బయలుదేరి, పది నిమిషాలు ముందుగానే గేటు దగ్గర నిలబడ్డాం. పరీక్ష పొద్దున్నే అయిపోయిందన్నాడు కాపలావాడు. వాళ్ళకు రెండంటే మన ఎనిమిది! ఆ బడిలో సీటు పోయింది. పిల్లవాడు దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాడు. నేను మా వారితో ఆ పూటంతా మాట్లాడలేదు.

అక్కడ గంటల లెక్క సూర్యోదయంతో మొదలవుతుంది. భూమధ్యరేఖకు దగ్గర కనక ఏడాది పొడుగునా ఇంచుమించు ఆరింటికే తెల్లవారుతుంది. మన ఏడు వారికి ఒకటి. మన పంచాంగంలో ఘడియలు సూర్యోదయం నుంచి లెక్కపెట్టరూ? నవ్వడానికి మనకేం హక్కుంది! ఏడాదికి నెలలు 13: ముప్ఫయ్యేసి రోజులవి 12, అయిదారు రోజుల బుల్లి నెల ఒకటి. సంవత్సరం అంకె మనకన్న ఏడో, ఎనిమిదో తక్కువ. అద్దె కాగితం మీద సంతకం చేసే ముందు తేదీ ఏ లెక్కలో వేశారో తప్పక అడగండి.

ఇక వంటిల్లు. ఊరు సముద్రమట్టానికి 7,500 అడుగులకు పైన ఉంది. నీళ్ళు 92 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మొదటి రోజు గిన్నెలో పడేసిన కందిపప్పు గంటన్నర ఉడికినా పలుకుగానే ఉంది. చీరలు రెండు తగ్గించుకున్నా సరే, ప్రెషర్ కుక్కరూ, దానికి రెండు గాస్కెట్లూ పెట్టెలో పెట్టుకోండి. తాగే నీళ్ళు తెర్లడం మొదలయ్యాక మూడు నిమిషాలు ఆగి దించాలి. కుళాయి రోజూ వస్తుందన్న భరోసా లేదు. వచ్చిన రోజునే డ్రమ్ము నింపుకోవాలి. ఆఫ్రికా కదా అని స్వెట్టర్లు మానేస్తే రాత్రిళ్ళు వణకవలసిందే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు.

శాకాహారులు బెంగపడనక్కరలేదు. అక్కడి ఆర్థొడాక్స్ క్రైస్తవులకు బుధ, శుక్రవారాలు ఉపవాసం. ఆ రోజుల్లో మాంసం, గుడ్లే కాదు, పాలూ నెయ్యీ కూడా ముట్టరు. హోటల్లో "యెత్సోమ్" అంటే చాలు, ఇంజెరా పరిచి, దాని మీద పప్పులూ ఆకుకూరలూ వడ్డిస్తారు. ఇంజెరా మన దోసెకు చుట్టమే. టెఫ్ అనే సన్నగింజల పిండిని కొన్ని రోజులు పులియబెట్టి పోస్తారు. మా అబ్బాయి మొదట మొహం చిట్లించాడు. ఇప్పుడు నా వాటా కూడా లాక్కుంటున్నాడు.

మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదుటివారు గభాలున ఊపిరి లోపలికి పీలిస్తే కంగారు పడకండి. అది "అవును" అనడం!

పొరుగావిడ కాఫీకి పిలిస్తే గంటన్నర తీరిక చేసుకుని వెళ్ళండి. పచ్చి గింజలు మన ఎదుటే వేయించి, దంచి, జెబెనా అనే మట్టికూజాలో కాచి మూడు విడతలు పోస్తారు. మొదటి కప్పుతోనే లేచిపోవడం మర్యాద కాదు. తెలియక నేను లేచాను. ఆవిడ చెయ్యి పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టింది. మూడో కప్పు దగ్గర బడి సంగతి చెప్పుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను.

"మా పిల్లల బడిలో అడుగుదాం, రేపు మూడు గంటలకు తయారుగా ఉండండి" అంది ఆవిడ.

"హబెషా లెక్కా, ఫెరెంజీ లెక్కా?" అన్నాను. హబెషా అంటే వాళ్ళు. ఫెరెంజీ అంటే మన పరంగి అన్న మాటే. ఆవిడ పకపకా నవ్వింది.

మర్నాడు తొమ్మిదింటికి బడి గేటు దగ్గర ఉన్నాం.