నెలకొక్క జుమేరాత్

నలభై దాటిన మగవాళ్లు దోస్తుల్ని ఎక్కడ కలుస్తారు? నా మటుకు నేను లెక్క వేసి చూశాను. వలీమాలో, మయ్యత్‌లో, ఎవరి బిడ్డకో సంబంధం మాట్లాడే చోట. ‘ఖైరియత్?’ అంటే ‘అల్‌హందులిల్లా’. ‘బాగున్నవా?’ అంటే ‘బాగున్న’. అక్కడితో గుఫ్తగూ ఖతమ్. చేతులు కడుక్కుని ఎవరి బండి వాళ్లం ఎక్కుతాం. మా సిద్దిపేటలో కోమటిచెరువు కట్ట ఉంది, సాయంత్రం హాయిగా నడవొచ్చు. కానీ విలేకరికి సాయంత్రమే అసలు డ్యూటీ. జనం షికారుకు బయల్దేరే టైంకి నేను వార్తలు కొట్టుకుంటూ కూర్చుంటాను.

అందుకే దోస్తులతో కూర్చోవడానికి ఒక బహానా కావాలనిపించింది. ఆ బహానా ఒక ఆట రూపంలో దొరికింది.

ఆట పేరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. 2024లో దానికి యాభై ఏళ్లు నిండినప్పుడు ఆదివారం అనుబంధానికి ఓ వ్యాసం రాయమన్నారు. అప్పుడు చదివాను. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో దీన్ని తెచ్చారు. మొదట అచ్చేసింది వెయ్యి కాపీలే. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగతా ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర. ‘ఎదురుగా తలుపుంది, లోపల ఎవరో దగ్గుతున్నారు, ఏం చేస్తారు?’ అని కథకుడు అడుగుతాడు. ఒకడు తలుపు తడతానంటాడు, ఇంకొకడు పగలగొడతానంటాడు. అనుకున్నది జరిగిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక చెప్తుంది. గెలవడం, ఓడటం అంటూ ఏమీ లేవు. కథ మాత్రం నెలల తరబడి సాగుతుంది.

చదువుతుంటే నాకు నానీమా గుర్తొచ్చింది. కరెంటు పోయిన రాత్రుల్లో ఆమె చెప్పిన అమీర్ హంజా ఖిస్సాలు గుర్తొచ్చాయి. ఆ దాస్తాన్‌లో అమర్ అయ్యార్ అనే మాయగాడుంటాడు. వాడి భుజాన జంబీల్ అనే సంచి. ఎంత పెద్ద వస్తువైనా అందులో పట్టేస్తుంది. అమెరికా వాళ్ల ఆటలో కూడా అచ్చం అలాంటి సంచి ఉంది! ఉర్దూ మీడియం స్కూల్లో మా ఉస్తాద్ దాస్తాన్‌కు నాలుగు కాళ్లని చెప్పేవారు: రజ్మ్, బజ్మ్, తిలిస్మ్, అయ్యారీ. అంటే యుద్ధం, కొలువు, మాయ, టక్కరితనం. ఈ ఆటలో ఆ నాలుగూ ఉన్నాయి. లక్నోలో మున్షీ నవల్ కిశోర్ ప్రెస్ వాళ్లు హంజా దాస్తాన్‌ను 46 సంపుటాలుగా అచ్చేశారు. అందులోదే 1883 నుంచి వెలువడిన ‘తిలిస్మ్-ఎ-హోష్‌రుబా’. ఢిల్లీలో పాతకాలపు దాస్తాన్‌గోలలో ఆఖరివాడని చెప్పుకునే మీర్ బాఖర్ అలీ 1928లో పోయారు. తర్వాత చాలాకాలం ఆ గొంతు లేదు. 2005లో మళ్లీ ఢిల్లీలోనే దాస్తాన్‌గోయీ వేదికెక్కింది. తేడా ఒక్కటే. దాస్తాన్‌లో ఒకరు చెప్తే మిగతావాళ్లు వింటారు. ఈ ఆటలో వినేవాళ్లు కూడా దాస్తాన్‌గోలే.

సరే, ఆడేవాళ్లేరి? హైదరాబాద్‌లో ఉన్నారు. కేఫుల్లో, ఎక్కువగా శని, ఆదివారాల్లో ఆడుతున్నారు. ఇక్కణ్నుంచి వంద కిలోమీటర్లు. 2023 అక్టోబర్ నుంచి మాకు రైలు కూడా ఉంది కానీ, పోయి ఆడి వస్తే రోజంతా పోతుంది. పైగా నాకు వారాంతపు సెలవు జుమేరాత్ నాడు. ఆన్‌లైన్‌లో ఆడేవాళ్లు కూర్చునేది నేను వార్తలు పంపే టైంలోనే. అన్నిటికన్నా పెద్ద సంగతి, అక్కడ ఆటంతా ఇంగ్లీష్‌లో. ఉర్దూలో స్కూలు, తెలుగులో డిగ్రీ చదివినవాణ్ని. ఇంగ్లీష్ చదివి అర్థం చేసుకుంటాను, అవసరానికి మాట్లాడతాను. అబద్ధాలు అల్లాలన్నా, దబాయించాలన్నా, ఏడవాలన్నా మాత్రం నాకు నా జబాన్ కావాలి. ఈ ఆటలో చేసేదంతా అదే కదా.

అంటే మహఫిల్ మన ఊళ్లోనే పెట్టుకోవాలి. పుస్తకాలు కొనే పని లేదు. 2023 జనవరిలో ఆ ఆట మూల నియమాలను ఎవరైనా వాడుకునేలా క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద విడుదల చేశారు. కాగితం, పెన్సిల్ చాలు. దొరకనిది ఒకటే, నలుగురికీ ఒకే సాయంత్రం ఫుర్సత్.

దోస్తుల కంటే ముందు ఇంట్లో అడిగాను. మా బేగం గవర్నమెంట్ స్కూల్లో టీచర్. ఫజర్‌కు లేస్తే రాత్రి పదకొండింటికి గానీ నడుం వాల్చదు. నేను చెప్పిందంతా వింది. విని, ‘సునో జీ, ఆ రాత్రి అమ్మీకి ఇన్సులిన్ ఎవరిస్తారు? చిన్నోడి లెక్కలు ఎవరు చూస్తారు? వచ్చినవాళ్ల చాయ్ కప్పులు ఎవరు కడుగుతారు? మీ ఫుర్సత్ ఆస్మాన్ నుంచి ఊడిపడదు, ఎవరో ఒకరి చేతుల్లోంచి తీయాలి’ అంది. గొంతులో కోపం లేదు. బోర్డు మీద లెక్క వేసినట్టు చెప్పింది.

ఆ లెక్కకు జవాబు కూడా తనే చెప్పింది. నెలలో రెండో జుమేరాత్ రాత్రి నాది. నాలుగో జుమేరాత్ రాత్రి తనది. తన రాత్రి వంట, అమ్మీ సూది, హోంవర్కు అన్నీ నావి. ‘ఎక్కడికెళ్తానో అడగొద్దు. మీ ఆటలో సొరంగాలున్నప్పుడు నాకూ ఒకటుంటుంది’ అంది నవ్వుతూ. ఖుబూల్ అన్నాను. మూడుసార్లు.

అమ్మీ అభ్యంతరం వేరు. పాచికలనగానే, ‘జూదం నీడ కూడా మన గడప తొక్కొద్దు’ అంది. డబ్బు పందెం లేదని చెప్పినా వినలేదు. పాచికల మీద ఉలేమాలు ఎంత కటువుగా మాట్లాడతారో ఆమెకు తెలుసు. ఆ వయసులో తల్లితో బహస్ ఎందుకని, బేగం కుట్టు డబ్బాలోంచి ఇరవై తెల్ల గుండీలు అడిగి తీసుకున్నాను. ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలేసి స్టీలు డబ్బాలో పోశాను. చూడకుండా ఒకటి తీయాలి, అంకె చూసి మళ్లీ వేసేయాలి. పాచిక చేసే పనే గుండీ చేస్తుంది. అమ్మీ డబ్బా మూత తీసి చూసి, ‘గుండీలే కదా’ అని ఇజాజత్ ఇచ్చింది.

నలుగురం కుదిరాం. నేను దాస్తాన్‌గో. డిగ్రీలో నాతో చదివిన తెలుగు లెక్చరర్ ఒకడు. మెడికల్ షాపు నడిపే పాత దోస్తు ఒకడు. పదో తరగతి చదివే మా పెద్దమ్మాయి నాలుగో మనిషి. తనంతట తనే కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇషా అయ్యాక ఎనిమిదిన్నరకు మొదలు, పదకొండుకు బంద్. లెక్చరర్ మొదటి ప్రశ్న, ‘గెలిచేదెట్లరా?’ ‘గెలుసుడు లేదు అంకుల్, బతుకుడే’ అంది మా అమ్మాయి.

కథ కోసం ఎక్కడికో పోలేదు. గోల్కొండ నుంచి చార్మినార్ దాకా సొరంగం ఉందని చిన్నప్పట్నుంచీ వింటున్నాం కదా, ఆ సొరంగంలోకే దిగాం. లెక్చరర్ హకీమ్ అయ్యాడు, మా అమ్మాయి అయ్యార్, మెడికల్ షాపు దోస్తు ముసలి సిపాయి. తెలుగూ దక్కనీ కలిపి నడుస్తుంది మా ఆట. ‘అబ్ క్యా కర్తే, బోలో’ అని నేనంటే, ‘ఆగు, దివిటీ ఆర్పి చెవి పెట్టి ఇంటా’ అంటాడు సిపాయి.

మూడో నెలలో సొరంగంలో ఒక అస్థిపంజరం పక్కన చీటీ దొరికింది. పరదేశం పోయిన కొడుకు తండ్రికి రాసి, పంపలేకపోయిన ఖత్. కథ ముందుకు పోవడానికి నేను పెట్టిన ఆనవాలు అది, అంతే. సిపాయి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. చదువు చదువు అని మా అమ్మాయి తొందర. ‘నేను ఇప్పుడు ఇప్ప. దగ్గర పెట్టుకుంట’ అన్నాడు. ఆ గొంతు సిపాయిది కాదు. ఎవరం ఏమీ అనలేదు. ఆట నడిచింది.

పదకొండుకు గేటు దగ్గర బండి స్టార్ట్ చేయబోతూ ఆగి, ‘మావోడు దుబాయి పోయినంక ఫోన్ తక్కువైందిరా. నెల దాటింది’ అన్నాడు. ఇరవై ఏళ్ల దోస్తీ మాది. వాడి షాపులో వారానికి రెండుసార్లు అమ్మీ మందులు కొంటాను. కౌంటర్‌కు అటు వాడు, ఇటు నేను ‘బాగున్న, బాగున్న’ అనుకుంటూ ఎన్నాళ్లు గడిపామో. సిపాయి వేషం వేసుకున్నాక గానీ ఆ మాట బయటికి రాలేదు. ఇంకో అరగంట గేటు దగ్గరే నిలబడ్డాం.

మీలో ఎవరికైనా ఇలాంటి మహఫిల్ పెట్టుకోవాలనుంటే నా తజుర్బా నుంచి నాలుగు మాటలు. ‘ఎప్పుడు కుదురుతుంది?’ అని అడగకండి, ఎప్పటికీ కుదరదు. తారీఖు పెట్టి పిలవండి. ఒకరు రాకపోతే ఆట ఆపకండి, వాళ్ల పాత్రకు ఆ రోజు జ్వరమొచ్చిందనుకోండి. కప్పులు ఆడినవాళ్లే కడగాలి. ఇంట్లో ఎంత ఫుర్సత్ తీసుకుంటారో అంత తిరిగి ఇవ్వండి. ఈ ఆఖరిది లేకుండా ఏ మహఫిలూ ఆర్నెల్లు నిలవదు.

పోయిన నెల ఆట మంచి ఘట్టంలో ఆగింది. సొరంగానికి అవతలి తలుపు దొరికింది. కొద్ది రోజులకు లెక్చరర్ ఫోన్ చేశాడు, ‘ఆగలేకపోతున్నంరా, ఈ గురువారం గూడ కూసుందాం’ అని. క్యాలెండర్ చూశాను. నాలుగో జుమేరాత్. ‘ఈ గురువారం నాది కాదురా’ అన్నాను. ఆ రాత్రి బేగం ఏడింటికి బుర్ఖా సవరించుకుని బయటికెళ్లింది. ఎక్కడికని నేను అడగలేదు. అమ్మీకి సూది వేశాను, చిన్నోడితో భిన్నాలు చేయించాను, పప్పు మాడ్చకుండా దించాను. పదిన్నరకు తిరిగొచ్చి చెప్పులు విప్పుతూ ఏదో పాట కూనిరాగం తీస్తోంది. పెళ్లయిన కొత్తలో విన్న కూనిరాగం అది.