కాలిన చోటే కదిలిన రథం

ఒకపక్క వశిష్ఠ గోదావరి, మరోపక్క బంగాళాఖాతం. ఎటు చూసినా నీళ్లే. అలాంటి ఊళ్లో అరవై ఏళ్లనాటి రథం రాత్రికి రాత్రే కాలి బూడిదైంది! ఆరు నెలలు తిరక్కుండానే అదే వీధిలో మరో రథం కదిలింది. ఆ కథ తెలుసుకోవాలంటే.. కోనసీమ కొసన ఉన్న అంతర్వేదికి వెళ్లాలి.

రాజోలు దాటి మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా సాగే దారి పొడవునా కొబ్బరిచెట్ల నీడే. నరసాపురం వైపు నుంచి వచ్చేవారైతే గోదావరి మీద పంటు ఎక్కి సఖినేటిపల్లి రేవులో దిగుతారు. ఏ దారిన వచ్చినా చివరికి చేరేది లక్ష్మీనరసింహస్వామి గుడికే. ఇప్పుడున్న ఆలయాన్ని 1823లో కొపనాతి కృష్ణమ్మ కట్టించారు. మూలవిరాట్టు పడమటి ముఖంగా ఉండటం ఇక్కడి విశేషం.

మాఘమాసం వచ్చిందంటే అంతర్వేదిలో అడుగుపెట్టే చోటుండదు. శుద్ధ దశమి రాత్రి స్వామికి కల్యాణం. మర్నాడు భీష్మ ఏకాదశి.. రథోత్సవం. పెళ్లికొడుకైన స్వామి అమ్మవారితో కలిసి రథమెక్కి సోదరి గుర్రాలక్క గుడికి వెళతాడు. ఆమెకు చీరా సారె పెట్టందే వేడుక పూర్తయినట్టు కాదు. అందుకే ఈ ఊరికి రథమంటే ఉత్త కర్రల బండి కాదు. తోబుట్టువు ఇంటికి స్వామి వెళ్లే వాహనం.

2020 సెప్టెంబరు 5 అర్ధరాత్రి దాటాక, షెడ్డులో ఉన్న ఆ టేకు రథానికి నిప్పంటుకుంది. సుమారు నలభై అడుగుల ఎత్తున్న రథంలో తెల్లారేసరికి మిగిలింది బొగ్గులూ, ఇనుప ముక్కలే. అది రాష్ట్రమంతటా అలజడి రేపింది. దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తూ రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయం తీసుకుంది.

గొడవలు ఒకవైపు.. ఊరి దిగులు మరోవైపు. భీష్మ ఏకాదశికి ఉన్నది ఐదు నెలల పైచిలుకే. ఈసారి స్వామి దేనిమీద వెళతాడు?

ప్రభుత్వం 95 లక్షల రూపాయలు మంజూరు చేసింది. రావులపాలెం అడితి నుంచి బస్తర్ టేకు దుంగలు వచ్చాయి. మరే కర్రో కాకుండా టేకే ఎందుకంటారా? దాని ఒంట్లోనే నూనె ఉంటుంది. చెదపురుగు అంత తేలిగ్గా ముట్టదు. ఉప్పుగాలికీ, వానకూ ఓర్చుకుంటుంది. సముద్రం ఒడ్డున ఉండాల్సిన రథానికి అంతకన్నా ఏం కావాలి!

శిల్పులూ వడ్రంగులూ రేయింబవళ్లు ఉలి పట్టారు. చూడటానికి పాతదాని పోలిక ఉండాలి. అంతెత్తు బరువు చక్రాల మీద నిలవాలి. వేలమంది మోకు పట్టి లాగినా ఊగిపోకూడదు. ఒక్క దూలం తేడాగా కూర్చున్నా పైఅంతస్తులన్నీ ఒరుగుతాయి. అలా ఒక్కో చెక్కా కలిపి 41 అడుగుల ఎత్తున, ఏడంతస్తులతో, ఆరు చక్రాలతో రథాన్ని నిలబెట్టారు. 2020 డిసెంబరు చివరికల్లా కర్రపని ఓ కొలిక్కి వచ్చింది.

2021 ఫిబ్రవరి 19.. రథసప్తమి. అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి కొత్త రథాన్ని ప్రారంభించారు. నాలుగు రోజులకే భీష్మ ఏకాదశి. గోవిందనామాల మధ్య రథం కదిలింది. గుర్రాలక్కకు ఆ ఏడూ చీర అందింది!

స్వామి దర్శనమయ్యాక సముద్రం వైపు నడిస్తే లైట్‌హౌస్, ఆపైన నదీ సముద్రాలు కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు. తోబుట్టువుల బంధాన్ని ఇక్కడ నీళ్లకూ పేరుగా పెట్టుకున్నారు. అలాంటి ఊరు రథం లేకుండా ఊరుకుంటుందా?

ఇలా వెళ్లాలి: అమలాపురం నుంచి రాజోలు, మలికిపురం మీదుగా రోడ్డు మార్గం ఉంది. రైల్లో వచ్చేవారు నరసాపురంలో దిగి, పంటు మీద గోదావరి దాటవచ్చు. వరదల సమయంలో పంటు ఆపేస్తారు కాబట్టి ముందే కనుక్కుని బయల్దేరడం మంచిది.