నెవా ఒడ్డున నాలుగు వాకిళ్ల భవనం

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వాసిల్యెవ్‌స్కీ దీవి గట్టు మీద రెండు స్ఫింక్స్‌లు ఎదురెదురుగా కూర్చుని ఉంటాయి. ఈజిప్టు రాజు మూడో అమెన్‌హోతెప్ నాటివి. 1834లో ఇక్కడ ప్రతిష్ఠించారు. వచ్చినవాళ్లంతా వాటి దగ్గర ఫొటోలు దిగుతున్నారు. నేను వచ్చింది వాటి వెనకున్న కళల అకాడమీ కోసం.

రాజాస్థానంలోని ప్రభువు ఇవాన్ షువాలోవ్ పూనుకుంటే 1757లో అకాడమీ పుట్టింది. భవనం పని 1764లో, కేథరిన్ రాణి ఏలుబడిలో మొదలై పాతికేళ్ల దాకా సాగింది. రూపకర్తలు కొకోరినోవ్, ఫ్రాన్స్ నుంచి వచ్చిన వాలెన్ ద లా మోత్. కట్టడం పూర్తికాకుండానే 1772లో కొకోరినోవ్ పోయాడు. నెవా నది అవతల రాస్ట్రెల్లీ కట్టిన వింటర్ ప్యాలెస్ అప్పటికింకా కొత్తది. దాని గోడల నిండా నగిషీలు, వంపులు. అకాడమీలో ఆ ఆడంబరం లేదు: కింద బరువైన అంతస్తు, పైన స్తంభాలు, బారుగా సాగిన గోడ. కొత్త కాలపు అభిరుచి రష్యాలో ముందుగా అడుగుపెట్టిన కట్టడాల్లో ఇదొకటి.

అసలు గొప్పతనం లోపలుంది. దీర్ఘచతురస్రపు భవనం నడిమధ్యన గుండ్రటి ముంగిలి, నాలుగు మూలలా నాలుగు చిన్న ముంగిళ్లు. ఆ గుండ్రటి ముంగిట్లో నిలబడి చుట్టూ తిరిగి చూశాను. నాలుగు వాకిళ్ల పైన నాలుగు పేర్లు: చిత్రలేఖనం, శిల్పం, వాస్తు, నాలుగోది పెంపకం. ఆ నాలుగోదాని దగ్గరే నా మనసు ఆగిపోయింది. 1764 నుంచి అయిదారేళ్ల పిల్లల్ని తెచ్చి ఇక్కడే తిండి, బట్ట, చదువు ఇచ్చి కళాకారులుగా పెంచారు. బడి, పనిగది, పడకగది, గురువుల ఇళ్లు అన్నీ ఒకే కప్పు కింద. ఏం నేర్పాలో ముందు తేల్చుకుని, ఆ తర్వాతే గోడలు లేపినట్టుంది ఈ నక్షా.

ఆ క్రమశిక్షణ బరువు కూడా అయింది. 1863లో బంగారు పతకం పోటీకి ఒక పురాణగాథను అంశంగా ఇస్తే, తమకు నచ్చిన అంశం గీయనివ్వాలని ఇవాన్ క్రామ్‌స్కోయ్‌తో కలిపి పద్నాలుగురు విద్యార్థులు పట్టుబట్టి బయటికి నడిచారు. రష్యన్ చిత్రకళ మామూలు మనుషుల బతుకులవైపు మళ్లడానికి ఆ తిరుగుబాటు దారి తీసింది. వాళ్లు చేసింది న్యాయమే. అయితే ఎదిరించేటంత చెయ్యి తిరిగింది కూడా ఈ గోడల మధ్యే.

ఇక్కడే ఉన్న ఉక్రెయిన్ కవి, చిత్రకారుడు తరాస్ షెవ్‌చెంకో పనిగది ఇప్పుడు మ్యూజియం. ఆయన పుట్టుకతో సెర్ఫు, అంటే భూస్వామి కింది అర్ధబానిస. ఆయన విడుదల సొమ్ము కోసం 1838లో చిత్రకారుడు బ్ర్యులోవ్ తాను గీసిన కవి జుకోవ్‌స్కీ చిత్రాన్ని లాటరీకి పెట్టించాడు. స్వేచ్ఛ దక్కాక షెవ్‌చెంకో ఇక్కడే బ్ర్యులోవ్ దగ్గర శిష్యరికం చేశాడు, 1861లో ఈ భవనంలోనే ప్రాణం విడిచాడు. అర్ధబానిసత్వం రద్దు పత్రం మీద జార్ చక్రవర్తి సంతకం అప్పటికే అయింది. దాన్ని జనానికి చదివి వినిపించింది మాత్రం ఆయన పోయిన కొద్ది రోజులకు.