పాత త్రీ నాట్ త్రీని మళ్లీ పేల్చవచ్చా?

దెబ్బతిన్న పాత సైనిక రైఫిల్‌ను బాగుచేసే ముందు తేల్చుకోవలసింది అది ఏ పనికి కావాలన్నది. కవాతులో భుజానికెత్తుకోవడానికైతే ఒక లెక్క, తూటా పెట్టి పేల్చడానికైతే మరో లెక్క. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో అర్థం చేసుకోవడానికి హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం తగిన చోటు. విద్యానగర్ వైపున్న ద్వారాన్ని నగరమంతా ఎన్‌సీసీ గేటనే పిలుస్తుంది. 1948లో చట్టం ద్వారా ఏర్పడిన నేషనల్ క్యాడెట్ కోర్‌లో తరతరాల విద్యార్థులు డ్రిల్లు నేర్చుకున్నది .303 రైఫిల్‌తోనే. పోలీసుల నోట, పల్లెల్లో వినిపించే పేరు త్రీ నాట్ త్రీ. ఆయుధాలు దాచే గదిని ఎన్‌సీసీలోనూ సైన్యంలోనూ కోత్ అంటారు.

ఈ ప్రాంగణ పర్యటనలో దగ్గరగా చూడటానికి దొరికినది అలాంటి రైఫిలే. బరువు నాలుగు కిలోలకు కాస్త తక్కువ, పొడవు 113 సెంటీమీటర్లు. నూనె పట్టి నల్లబడిన కర్ర, అరిగిన ఇత్తడి బట్ ప్లేటు. బోల్ట్ పిడి కింద, కుందా ఇనుములో కలిసే చోట కిరీటం గుర్తు, దాని కింద ఇషాపూర్ పేరు, 1942, నమూనా పేరు చివర ఒక చుక్క గుర్తు. ఆ పక్కనే, తర్వాత కొట్టిన రెండక్షరాలు: డీపీ. డ్రిల్ పర్పస్, అంటే కవాతుకు మాత్రమే. ఈ ముద్ర పడిన రైఫిల్ గురించి ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్ ఒకడు ఏనాడో తీర్పు చెప్పేశాడు. ఇలాంటి కొన్నింటికి ఛాంబర్‌కు రంధ్రం చేస్తారు, కొన్నింటికి ఫైరింగ్ పిన్ మొన తీసేస్తారు. వేరే రైఫిళ్లలో పనికిరాదని తీసేసిన భాగాలు కూడా వీటిలోకి చేరుతుంటాయి. అందుకే డీపీ రైఫిల్‌ను తిరిగి పేల్చే స్థితికి తేవాలన్న ఆలోచనే తప్పు. బయటికి ఎంత బాగున్నా దాని పరీక్ష అక్కడితో ముగిసినట్టే.

ముద్ర లేని రైఫిల్ అయితే మొదటి పని దాని గుర్తింపు. ఇందులో పొరపడితే తర్వాతి పరీక్షలన్నీ వృథా. బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారం ఒకే ఆకారంలో మూడు రకాలు తయారు చేసింది. మొదటిది అసలు .303. రెండోది .410 మస్కెట్: కాపలా సిబ్బంది కోసం .303 గొట్టాన్ని లోపల నున్నగా తొలిచి, ఒక్కో తూటా పెట్టుకునేలా మార్చినది. మూడోది చైనాతో 1962 యుద్ధం తర్వాత 7.62 మి.మీ. తూటా కోసం మరింత గట్టి ఉక్కుతో చేసిన 2ఏ. దూరం నుంచి చూస్తే మూడూ ఒకటే. ఒకదాని తూటా మరోదానిలో పెడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. కాబట్టి ముద్రలు చదవాలి, గొట్టం మూతి కొలవాలి.

తర్వాత నంబర్లు. ఈ రైఫిల్‌లో బోల్ట్ మీద, బాడీ మీద, ముక్కు భాగం మీద ఒకే సీరియల్ నంబర్ ఉండాలి. బోల్ట్ నంబర్ తేడాగా ఉంటే అది మరో తుపాకీది. పెద్ద నిల్వల్లో నూనె పెట్టడానికి వరుసగా విప్పినప్పుడు బోల్టులు మారిపోవడం మామూలే. మారిన బోల్ట్ పనిచేయదని కాదు. దాన్ని కొత్తగా అమర్చినట్టే లెక్కగట్టి కొలతలన్నీ మొదటి నుంచి తీయాలి.

కర్ర సంగతి త్వరగా తేలుతుంది. కుందా విరిగితే మార్చవచ్చు, పగిలితే జిగురుతో, మేకుతో కలపవచ్చు. పేలుడు ఒత్తిడి కర్ర మీద పడదు, వెనక్కి తన్నే తాకిడి మాత్రమే పడుతుంది. అయితే ముందు కర్ర వెనుక చివర చీలి ఉంటే ఆగి చూడాలి. కుందాను పట్టి ఉంచే పొడవాటి బోల్ట్ కొస చదరంగా ఉండి, ముందు కర్రలోని ఒక రేకులో కూర్చుంటుంది. ముందు కర్ర తీయకుండా ఆ బోల్ట్ తిప్పితే కర్ర చీలుతుంది. అంటే ఆ చీలిక తుపాకీని పనితెలియని చేయి విప్పిందని చెబుతోంది. లోపల ఇంకేం చేశారో అని అనుమానించడానికి అదే తగిన ఆధారం.

అసలు పరీక్ష ఉక్కుది. .303 తూటా పేలినప్పుడు ఛాంబర్‌లో చదరపు అంగుళానికి సుమారు 18న్నర టన్నుల ఒత్తిడి పుడుతుంది. దాన్ని ఆపేవి మూడే: గొట్టం, బోల్ట్, బోల్ట్ వెనుక ఆనుకునే బాడీ భాగం. ఈ మూడింటిలో ఏది దెబ్బతిన్నా అతుకు, వెల్డింగ్ అన్న మాటే రాకూడదు. వెల్డింగ్ వేడికి చుట్టుపక్కల ఉక్కు గట్టిదనం మారిపోతుంది, మారిందని కంటికి తెలియదు.

గొట్టాన్ని వెలుతురుకు పెట్టి రెండు వైపుల నుంచీ చూస్తారు. లోపల 7.7 మి.మీ. వ్యాసం, ఎడమకు తిరిగే ఐదు గాడులు. ఆ గాడుల మెరుపుకు అడ్డంగా ఒక నల్లటి ఉంగరం కనిపిస్తే గొట్టం అక్కడ ఉబ్బినట్టు. బురద, గొట్టం తుడిచి మరిచిపోయిన చిందీ గుడ్డ, ముందు పేలినప్పుడు ఇరుక్కుపోయిన గుండు, ఇలా ఏదో ఒకటి అడ్డం ఉండగా పేల్చినందువల్ల వచ్చే గుర్తది. ఉబ్బిన గొట్టానికి మరమ్మతు లేదు, మార్చడమే. సన్నని తుప్పు గుంటలు వేరు. పాత తూటాల క్యాప్‌లలోని రసాయనం పేలాక ఉప్పును మిగిల్చేది, ఆ ఉప్పు గాలిలోని తేమను పీల్చుకునేది. అందుకే పేల్చిన రోజే మరిగే నీళ్లు పోసి కడిగి, పుల్‌త్రూ తాడుతో తుడిచి, నూనె పెట్టాలన్నది సైన్యం నియమం. హైదరాబాద్ వానాకాలంలో ఒక్క రాత్రి బద్ధకిస్తే చాలు, తెల్లారేసరికి ఎర్రటి పొర. గొట్టం నడుమ పైపై గుంటలుంటే గురి దెబ్బతింటుంది; ఛాంబర్‌లో లోతైన గుంటలుంటే ప్రాణం మీదికి వస్తుంది. కర్ర కప్పిన భాగాన్ని తప్పక విప్పి చూడాలి, ఎందుకంటే బయట మెరిసే గొట్టం కర్ర అంచు కింద చేత్తో తడిమితే తగిలేంతగా తినేసి ఉండవచ్చు.

ఆ తర్వాతది హెడ్‌స్పేస్. మూసిన బోల్ట్ ముఖానికీ, తూటా అంచు ఆనుకునే గొట్టం వెనుక భాగానికీ మధ్య ఖాళీ అది. సైనిక కొలత ప్రకారం 1.63 మి.మీ. గేజ్ మీద బోల్ట్ సులువుగా మూసుకోవాలి, 1.88 మి.మీ. గేజ్ మీద మూసుకోకూడదు. ఈ పావు మిల్లీమీటర్ దాటితే తూటా తొడుగు వెనక్కి సాగి, అడుగు దగ్గర తెగి, వేడి వాయువు పేల్చేవాడి ముఖం వైపు తిరుగుతుంది. ఈ రైఫిల్‌లో బోల్ట్‌ను పట్టి ఉంచే లగ్గులు ముందు కాక వెనుక ఉంటాయి. అవి రెండూ సమానంగా ఆనుతున్నాయో లేదో నీలిరంగు పూసి చూస్తారు. ఒకవైపే రంగు చెదిరితే మొత్తం భారం ఆ ఒక్క లగ్గు మోస్తోందని అర్థం. పెద్ద బోల్ట్ హెడ్ అమర్చి ఖాళీని సరిచేయవచ్చు, కానీ అరిగింది బాడీలోని ఆనుడు భాగమే అయితే అది కొలతను కప్పిపుచ్చడమే అవుతుంది. గేజ్ సరిపోయినందుకే తృప్తిపడే మరమ్మతుదారు ప్రమాదకరం.

కంటికి కనిపించని పగుళ్లకు ఇంజనీరింగ్ పద్ధతులే గతి. ఇదే క్యాంపస్‌లో 1929లో మొదలైన ఇంజనీరింగ్ కళాశాల ఉంది. మెకానికల్ విద్యార్థి లోహాల పాఠంలో నేర్చుకునే పరీక్షలే ఇక్కడా పనికొస్తాయి. భాగాన్ని అయస్కాంతీకరించి సన్నని ఇనుప రజను కలిపిన ద్రవం పోస్తే, పగులున్న చోట రజను గీతలా పేరుకుంటుంది. గట్టిదనం కొలిచే యంత్రం ఉక్కు మెత్తబడిందో పెళుసెక్కిందో చెబుతుంది. అగ్నిప్రమాదంలో కాలిన రైఫిల్‌కు మాత్రం ఇవేవీ అక్కర్లేదు. స్ప్రింగులు మెత్తబడి, ఉక్కు మీద నీలి, బూడిద రంగు పొరలు తేలితే దాని వేడి చికిత్స పోయినట్టే. కండెమ్ చేయడం తప్ప దారి లేదు.

వేడి చికిత్స ఎంత కీలకమో అమెరికా తన స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ విషయంలో తెలుసుకుంది. 1918కి ముందు అక్కడి కార్మికులు కొలిమిలో ఉక్కు రంగును కంటితో చూసి వేడిని అంచనా వేసేవారు. ఎండ బాగా కాసే రోజున ఎర్రటి ఉక్కు మసకగా కనిపించేది, మరింత కాల్చేవారు. అలా పెళుసెక్కిన బాడీలు పేల్చినప్పుడు పగిలాయి. స్ప్రింగ్‌ఫీల్డ్ కర్మాగారంలో తయారై 8 లక్షల లోపు నంబర్లున్న రైఫిళ్లను ఈనాటికీ పేల్చవద్దనే చెబుతారు. అవి చూడటానికి నిక్షేపంలా ఉంటాయి, గేజ్‌లన్నీ దాటుతాయి. తయారైన ఏడు, చోటు తెలియకుండా తీర్పు చెప్పకూడదనడానికి ఇంతకంటే బలమైన ఉదాహరణ లేదు.

అన్నీ సరిపోతేనే చివరిది ప్రూఫ్ పరీక్ష: రైఫిల్‌ను దిమ్మెకు బిగించి, మామూలు కంటే ఎక్కువ ఒత్తిడి పుట్టించే తూటాను దూరం నుంచి పేల్చి, మళ్లీ గేజ్‌లు పెట్టడం. ముందు, తర్వాత కొలతల్లో తేడా వస్తే ఉక్కు సాగినట్టు. ఇది ఇంట్లోనో వీధి దుకాణంలోనో చేసే పని కాదు. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం లైసెన్సు లేకుండా ఆయుధాన్ని మరమ్మతు చేయడం, పరీక్షించడం, ప్రూఫ్ చేయడం నేరమే; .303 నిషేధిత బోర్ కూడా. సైన్యంలో ఈ బాధ్యత ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్ (ఈఎంఈ) కోర్‌ది. దాని పెద్ద శిక్షణ కళాశాల సికింద్రాబాద్ తిరుమలగిరిలో ఉంది.

క్యాంపస్ దాటి తార్నాకకు వస్తే రాష్ట్ర ఆర్కైవ్స్ కార్యాలయం. నిజాం ప్రభుత్వ కాగితాలు భద్రంగా ఉన్నది ఇక్కడే. తెలంగాణలో పాత రైఫిల్ బయటపడితే దాని వెనుక కథ తరచూ ఆ కాలానిదే. 1948లో సిడ్నీ కాటన్ అనే పైలట్ విమానాల్లో కరాచీ నుంచి నిజాం రాజ్యానికి ఆయుధాలు చేరాయి. సెప్టెంబర్‌లో నిజాం రాజ్యంపై భారత సైన్యం పోలీసు చర్య జరిగింది. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం 1951 అక్టోబర్ దాకా సాగింది. అలా దాచగా భూమిలో ఏళ్ల తరబడి ఉండిపోయిన తుపాకీ ఛాంబర్‌లో ఇంకా తూటా ఉండవచ్చు, అందుకే దాన్ని కదపకుండా పోలీసులకు కబురు పెట్టాలి. బోల్ట్ లాగి చూడాలన్న ఆత్రుత పనికిరాదు. ఆర్మరర్ దాన్ని నిరపాయం చేశాక మ్యూజియానికి వెళ్తే, అక్కడి మరమ్మతు మరో రకం: తుప్పును ఇసుక కాగితంతో గీకరు, ఎందుకంటే గీకితే ముద్రలూ పోతాయి; నూనెలో నానబెట్టి, వదులైన పొర మాత్రం తీసి, తేమ తగలకుండా ఉంచుతారు.