నిండు నిమిషం

ఏప్రిల్ 20, రాత్రి

హ్యాండోవర్ అయింది. నలభై మంచాలు, ఇద్దరు నర్సులం, జీఎన్ఎం నర్సింగ్ మూడో ఏడాది చదివే అమ్మాయి ఒకతె. కేస్ షీట్లు తిరగేశాను. జ్వరం గడిలో తేడాలున్నాయి, బీపీ గడిలో తేడాలున్నాయి. ఊపిరి గడిలో మాత్రం ఒకటో మంచం నుంచి నలభయ్యో మంచం దాకా ఒకటే అంకె: 18. నిమోనియాతో చేరిన తాతకు 18, కాలి వేలు తీసేసిన షుగర్ పేషెంటుకు 18, నిన్ననే హెర్నియా ఆపరేషనయిన కుర్రాడికీ 18. నలభై మంది ఒకే లెక్కన ఊపిరి తీయరు. ఎవరూ లెక్కపెట్టలేదన్నమాట.

ఏప్రిల్ 21

అమ్మాయిని ఆరో మంచం దగ్గరికి తీసుకెళ్లి చేసి చూపించాను. ముందు మణికట్టు పట్టుకుని నాడి చూడాలి. నాడి లెక్క అయిపోయాక చెయ్యి వదలకూడదు. చూపు ఛాతీ మీదికి మళ్లించి, సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా ఊపిర్లు లెక్కపెట్టాలి. "మీ ఊపిరి లెక్కపెడుతున్నా" అని చెబితే ఎవరికైనా అది మారిపోతుంది, అందుకే ఇంకా నాడే చూస్తున్నట్టు ఉండాలి. దుప్పటి కప్పుకుని ఉంటే పొట్ట మీద అరచెయ్యి ఆనించినా తెలుస్తుంది.

పెద్దవాళ్లకు నిమిషానికి 12 నుంచి 20 మామూలు. వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ ఎంతో చూపిస్తుంది, బీపీకి మిషనుంది. మా వార్డులో ఊపిరికి మాత్రం మిషను లేదు, మనిషే నిలబడి చూడాలి. లోపల చీము పట్టినా, ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకినా చాలాసార్లు ముందుగా తొందరపడేది ఊపిరే. బీపీ ఎంతోసేపు నిలదొక్కుకుంటుంది, అది పడిపోయేసరికి మనం ఆలస్యమైపోయి ఉంటాం. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చిన హెచ్చరిక స్కోరులో ఊపిరి 25 గానీ ఆపైన గానీ ఉంటే, ఆ ఒక్కదానికే మూడు పాయింట్లు. మిగతావన్నీ బాగున్నా డాక్టరును పిలవాల్సిందే.

ఏప్రిల్ 23

ఈ మాట రాయకుండా అమ్మాయికి పాఠం చెప్పే అర్హత నాకు లేదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది, వేరే ఊళ్లో. అపెండిక్స్ పగిలి ఆపరేషనయిన రైతు, ముప్పై దాటని మనిషి. రాత్రి పదింటికి చార్టులో 18 అని రాశాను, లెక్కపెట్టకుండానే. ఆయన "కాస్త ఆయాసంగా ఉంది సిస్టర్" అన్నాడు. కుట్లు లాగుతున్నాయేమోలే అనుకున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి ఎగశ్వాస. ఐసీయూకి మార్చారు. పదకొండు రోజులకు బతికి బయటికొచ్చాడు. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. ఆ కేస్ షీటులో నా చేతిరాతతో ఉన్న 18 మాత్రం ఇప్పటికీ కళ్ల ముందు కనిపిస్తూనే ఉంటుంది.

ఏప్రిల్ 25

పక్షవాతం వచ్చిన పెద్దాయన, పన్నెండో మంచం. రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. ఎముక ఎక్కడ చర్మానికి దగ్గరగా ఉంటే అక్కడే మొదలవుతాయి. భార్యను పిలిచి మడమ చూపించాను. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ రంగు రావాలి. తెల్లబడకుండా ఎరుపు అలాగే ఉంటే పుండు మొదలైనట్టే. అక్కడ రుద్దకూడదు, దాని మీద బరువు పడకుండా చూడాలి. ఆమె మూడుసార్లు నొక్కి చూసింది. మూడుసార్లూ తెల్లబడింది.

"టైమెట్టా తెలుస్తుందమ్మా నాకు? గడియారం చూడ్డం రాదు." మనవడి ఫోనులో రెండు గంటలకోసారి మోగేలా అలారాలు పెట్టించాం.

ఏప్రిల్ 26, ఉదయం

డ్యూటీ దిగే ముందు పన్నెండో మంచం దగ్గరికి వెళ్లాను. ఆమె కొంగు చూపించింది. అలారం మోగి పక్క మార్చిన ప్రతిసారీ ఒక ముడి వేసుకుంది. ఐదు ముడులు. నేను చార్టులో రాసిన గంటలూ ఐదే. ఆ రాత్రి వార్డులో నర్సులం ఇద్దరం కాదు, ముగ్గురం.

ఏప్రిల్ 28

ఇన్సులిన్ ఇచ్చేముందు సీసా మీద రాసింది చదవాలి, సిరంజి మూత రంగు చూడాలి. మన దగ్గర మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసా ఉంది, 100 యూనిట్ల సీసా ఉంది. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ మూతది 100కి. ఇవాళ ఒక పేషెంటు కొడుకు బయట కొన్న 100 యూనిట్ల సీసా తెచ్చాడు, ట్రేలో ఉన్నవన్నీ ఎర్ర మూతలే. ఆ సిరంజిలో 10 గీత దాకా తీస్తే లోపలికి వెళ్లేది 25 యూనిట్లు. షుగర్ పడిపోయి నిద్రలోనే మనిషి స్పృహ తప్పొచ్చు. అమ్మాయి చెయ్యి చాపింది, నేను ఆపాను. ఇద్దరం సీసా గట్టిగా పైకి చదివాం. ఇక నుంచి రోజూ పైకే చదువుదామంది.

ఏప్రిల్ 30

సెలైన్ 500 మిల్లీలీటర్లు, ఎనిమిది గంటల్లో పోవాలి. మా సెట్టులో మిల్లీలీటరుకు 20 చుక్కలు. 500ని 20తో గుణించి 480 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి దాదాపు 21 చుక్కలు. ఇక్కడా కావలసింది సెకన్ల ముల్లున్న గడియారమే. అందాజాగా చక్రం తిప్పేసి వెళ్లిపోతే గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

మే 3

గాల్‌బ్లాడర్ తీసిన ఆవిడ దగ్గడానికి భయపడుతోంది. "కుట్లు ఊడిపోతే?" దిండు మడిచి పొట్టకు హత్తుకోమన్నాను. దాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకుని, గట్టిగా గాలి పీల్చి, ఒక్క దగ్గు దగ్గమన్నాను. దగ్గకపోతే కఫం అడుగున పేరుకుని నిమోనియా వస్తుంది. మొదటి దగ్గు గొంతులోనే ఆగిపోయింది. నాలుగోది లోపలి నుంచి వచ్చింది. సాయంత్రానికి కూతురి చెయ్యి పట్టుకుని కిటికీ దాకా నడిచింది.

మే 5

అమ్మాయి అడిగింది: "మేడమ్, నలభై మందికి ఒక్కో నిమిషమంటే నలభై నిమిషాలు. నాడి, బీపీ, మందులు, డ్రెస్సింగులు అన్నీ ఉన్నాయి కదా. ఎలా?"

నిజమైన ప్రశ్న, దులపరించుకోకూడనిది. ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలుసుకో అన్నాను. ఇవాళ ఆపరేషన్ థియేటర్ (ఓటీ) నుంచి వచ్చినవాళ్లు, జ్వరం ఉన్నవాళ్లు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లు, మామూలు కంటే మత్తుగా పడుకున్నవాళ్లు. "ఎందుకో మా ఆయన తేడాగా ఉన్నాడమ్మా" అని ఇంటివాళ్లు అంటే ఆ మంచం అందరికంటే ముందు. తర్వాతే మిగతావాళ్లు.

అప్పటికీ కుదరలేదా, గడి ఖాళీగా వదిలెయ్. చూడలేదన్న నిజమైనా ఖాళీ గడి చెబుతుంది. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని చూసి లెక్కపెడతారు. 18 అని రాసేస్తే వాళ్లను కూడా ఆపేసినట్టే.

మే 8, రాత్రి 2.40

పదిహేడో మంచం, అపెండిక్స్ పగిలి ఆపరేషనయిన ఐదో రోజు. అమ్మాయి పరుగున వచ్చి "26 మేడమ్" అంది. జ్వరం 99.4, బీపీ 110/70, ఆక్సిజన్ 96. పేషెంటేమో బాగానే ఉన్నానంటోంది. నేనూ వెళ్లి నిండు నిమిషం నిలబడ్డాను. 26. పొట్ట కింద కుడివైపు చెయ్యి పెడితే ముఖం చిట్లించింది. డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేశాను. బాగాలేదనిపిస్తోందని చెప్పలేదు. ఏ మంచం, ఏ ఆపరేషను, ఎన్నో రోజు, సాయంత్రం ఎంత, ఇప్పుడెంత, ఇప్పుడే రావాలి అని చెప్పాను. వచ్చారు.

మే 9

పొద్దున స్కానింగ్‌లో కడుపులో చీము గడ్డ కనబడింది. పదకొండింటికి ఓటీకి తీసుకెళ్లి తీసేశారు. ఇరవై ఏళ్ల కిందటి ఆ రైతుదీ పగిలిన అపెండిక్స్ ఆపరేషనే. ఆ మాట అమ్మాయికి చెప్పాను. ఏమీ అనకుండా నా చెయ్యి పట్టుకుంది.

మే 12

నర్సుల దినోత్సవం. ఫ్లారెన్స్ నైటింగేల్ 1820లో ఇదే రోజున పుట్టింది. హాల్లో దీపాలు వెలిగించాం, ప్రతిజ్ఞ చదివాం. ఆమె 1859లో రాసిన నర్సింగ్ పుస్తకంలో గాలీ వెలుతురుల గురించే కాదు, రోగిని గమనించడం గురించి కూడా ఒక అధ్యాయం ఉంది. నూట అరవై ఏళ్లు దాటినా చదువుతుంటే ఏ పేజీ పాతగా అనిపించదు.

రాత్రి వార్డుకొచ్చి కేస్ షీట్లు తిరగేశాను. పదిహేడో మంచం ఆవిడ జావ తాగి నిద్రపోయింది. ఊపిరి గడులు చూసుకుంటూ వెళ్లాను. 16, 22, 14, 19, 24, 17. ముప్పై నాలుగో మంచం దగ్గర ఖాళీ. గడియారం తీసుకుని అటు నడిచాను.